చర్మలేపనాలలో సోడియం లారిల్ సల్ఫేట్: ఎమల్సిఫైయర్‌గా ఉపయోగం, భద్రత

వ్యాససంగ్రహం:
నూనెను, నీటిని కలిపి ఒకే లేపనంగా నిలిపే పదార్థాలను ఎమల్సిఫైయర్లు అంటారు. షాంపూలలో నురుగునిచ్చే పదార్థంగా ప్రసిద్ధమైన సోడియం లారిల్ సల్ఫేట్ కొన్ని లేపనాలలో ఈ పాత్రనే నిర్వహిస్తుంది. బ్రిటన్‌లో ఎగ్జిమా రోగులకు విస్తృతంగా సూచించిన ఏక్వియస్ క్రీమ్ అనుభవాన్ని ఆధారంగా చేసుకొని, ఒక ఎమల్సిఫైయర్ భద్రత దాని పేరును బట్టి గాని, శాతాన్ని మాత్రమే బట్టి గాని తేలదనీ, అది చర్మంపై నిలిచే కాలాన్ని, ఆ చర్మపు స్థితిని బట్టి కూడా నిర్ణయం కావాలనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎమల్సిఫైయర్, సోడియం లారిల్ సల్ఫేట్, ఏక్వియస్ క్రీమ్, ఎగ్జిమా, చర్మరక్షణ పొర.

1. ఉపోద్ఘాతం:
నూనెను, నీటిని ఒక పాత్రలో పోసి ఎంత చిలికినా కొద్దిసేపటికే అవి విడిపోతాయి. చర్మానికి నూనె, నీరు రెండూ అందించే లేపనం నెలల తరబడి విడిపోకుండా ఉండాలంటే మూడవ పదార్థం అవసరం. అదే ఎమల్సిఫైయర్. దీని అణువులో ఒక కొన నీటి వైపు, మరొక కొన నూనె వైపు మొగ్గు చూపుతాయి. నూనె బిందువుల ఉపరితలంపై ఈ అణువులు బారులు తీరి, రెండు ద్రవాల మధ్య తలతన్యతను తగ్గించి, బిందువులు తిరిగి ఒకటి కాకుండా అడ్డుకుంటాయి.

సోడియం లారిల్ సల్ఫేట్ అణువులో 12 కార్బన్ల తోక, రుణావేశం గల సల్ఫేట్ శీర్షం ఉంటాయి. నూనె బిందువుల చుట్టూ చేరిన రుణావేశం వాటిని పరస్పరం వికర్షింపజేస్తుంది. తక్కువ మోతాదులోనే సమర్థంగా పనిచేయడం, చవకగా లభించడం దీని విస్తృత వినియోగానికి కారణాలు.

2. ఏక్వియస్ క్రీమ్ కూర్పు:
బ్రిటిష్ ఫార్మకోపియా ప్రకారం ఎమల్సిఫైయింగ్ వాక్స్‌లో సుమారు 90 శాతం సీటోస్టియరిల్ ఆల్కహాల్, 10 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటాయి. ఈ వాక్స్ 30 శాతం, వైట్ సాఫ్ట్ పారఫిన్ 50 శాతం, లిక్విడ్ పారఫిన్ 20 శాతం కలిస్తే ఎమల్సిఫైయింగ్ ఆయింట్‌మెంట్ అవుతుంది. ఈ ఆయింట్‌మెంట్ 30 శాతం, సంరక్షకంగా ఫినాక్సీఇథనాల్ 1 శాతం, మిగిలినది నీరు కలిస్తే ఏక్వియస్ క్రీమ్ తయారవుతుంది. లెక్క కడితే 100 గ్రాముల క్రీమ్‌లో 30 గ్రాముల ఆయింట్‌మెంట్, అందులో 9 గ్రాముల వాక్స్, అందులో దాదాపు 0.9 గ్రాముల సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటాయి.

ఈ క్రీమ్‌ను రెండు విధాలుగా వాడేవారు: సబ్బుకు బదులుగా రాసి కడిగివేయడం ఒకటి, పొడిబారిన చర్మంపై రాసి అలాగే ఉంచడం రెండవది. చర్చకు మూలం ఈ రెండవ వాడుకే.

3. చర్మంపై చర్య:
చర్మపు వెలుపలి పొర అయిన స్ట్రాటం కార్నియంను ఇటుక గోడతో పోల్చడం పరిపాటి. కెరాటిన్ నిండిన మృతకణాలు ఇటుకలైతే, సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు వాటి మధ్య అతుకు. నూనెను నీటిలో నిలిపే గుణమే ఇక్కడ సమస్యకు కారణమవుతుంది. సోడియం లారిల్ సల్ఫేట్ కెరాటిన్‌కు అంటుకొని దానిని ఉబ్బిస్తుంది. కొవ్వు పదార్థాల అమరికను చెదరగొడుతుంది. ఫలితంగా చర్మం నుండి నీరు ఆవిరిగా పోవడం పెరుగుతుంది. చర్మశాస్త్ర పరిశోధనలలో చర్మాన్ని ఉద్దేశపూర్వకంగా మంటకు గురిచేసి పరీక్షించవలసి వచ్చినప్పుడు ప్రామాణికంగా వాడే పదార్థం కూడా ఇదే.

4. పరిశోధనల సాక్ష్యం:
మైఖేల్ కార్క్ బృందం 2003లో ఎగ్జిమా గల 100 మంది పిల్లల అనుభవాలను పరిశీలించింది. ఏక్వియస్ క్రీమ్ వాడిన సందర్భాలలో 56 శాతంలో మంట, దురద, ఎరుపుదనం వంటి తక్షణ ప్రతిచర్యలు నమోదయ్యాయి. ఇతర లేపనాల విషయంలో ఇది 17.8 శాతం మాత్రమే. 2010లో బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన సాంగ్, గై ఆరోగ్యవంతులైన కొద్దిమందిపై నాలుగు వారాలపాటు ఈ క్రీమ్‌ను పరీక్షించగా స్ట్రాటం కార్నియం మందం సగటున 12 శాతం తగ్గింది. నీటి నష్టం పెరిగింది. 2011లో వెలువడిన మరొక అధ్యయనం గతంలో ఎగ్జిమా ఉండి తగ్గినవారిలోనూ చర్మరక్షణ బలహీనపడడాన్ని గమనించింది.

వీటి దృష్ట్యా 2013 మార్చిలో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను, ఔషధ విక్రేతలను హెచ్చరించింది. క్రీమ్‌ను నిషేధించలేదు. ముఖ్యంగా ఎగ్జిమా గల పిల్లలలో ప్రతిచర్యలు సాధారణంగా 20 నిమిషాల లోపు కనిపించవచ్చనీ, అలా కనిపిస్తే వాడకం ఆపి సోడియం లారిల్ సల్ఫేట్ లేని లేపనానికి మారాలనీ సూచించింది. ఇతర ఘటకాలు కూడా కారణం కావచ్చునన్న అవకాశాన్ని తోసిపుచ్చలేదు.

5. ఒక శాతం పరిమితి:
అమెరికాలోని సౌందర్యసాధన ఘటకాల సమీక్షా నిపుణుల మండలి 1983లోనే ఈ పదార్థాన్ని పరిశీలించింది. కొద్దిసేపు వాడి బాగా కడిగివేసే ఉత్పత్తులలో ఇది సురక్షితమనీ, చర్మంపై ఎక్కువసేపు ఉండే వాటిలో 1 శాతం మించరాదనీ నిర్ధారించింది. ఏక్వియస్ క్రీమ్‌లోని 0.9 శాతం ఈ పరిమితికి లోబడే ఉంది. అయినా పిల్లలకు మంట పుట్టింది. సాధారణ వినియోగదారుల సౌందర్యసాధనాలకు ఏర్పరచిన పరిమితి, రక్షణ పొర ముందే దెబ్బతిన్న చర్మానికి అభయం కాలేదు. రోజుకు పలుమార్లు, ఏళ్ల తరబడి రాసుకొనే రోగికి శాతం కన్నా మొత్తం సంపర్కమే ముఖ్యం.

అలాగని ఈ పదార్థాన్ని విషంగా చిత్రించడమూ సరికాదు. ఇది క్యాన్సర్ కారకమన్న ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఈ అపోహకు తోడు, దీనిని సోడియం లారెత్ సల్ఫేట్‌తో పొరబడడం కూడా జరుగుతోంది. ఇథిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపి తయారుచేసే లారెత్ సల్ఫేట్‌లో 1,4-డయాక్సేన్ అవశేషంగా మిగిలే అవకాశం ఉంది. లారిల్ సల్ఫేట్ తయారీలో ఆ చర్య లేదు.

6. ప్రత్యామ్నాయాలు, లేబుల్:
విద్యుదావేశం లేని సీటోమాక్రోగోల్ వంటి ఎమల్సిఫైయర్లు చర్మానికి సాధారణంగా మృదువైనవి. అయితే ఇవీ ఇథిలీన్ ఆక్సైడ్‌తో తయారయ్యేవే కనుక అవశేషాల శుద్ధి అవసరం. ఒక ప్రశ్న తీరిన చోట మరొక ప్రశ్న మొదలవుతుంది.

భారతదేశంలో కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం 1 శాతానికి మించిన ఘటకాలను పరిమాణ క్రమంలో పేర్కొనాలి. 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఏ క్రమంలోనైనా రాయవచ్చు. కనుక 0.9 శాతం ఉన్న ఎమల్సిఫైయర్ పేరు లేబుల్‌పై కనిపించినా దాని మోతాదు తెలియదు.

7. ముగింపు:
ఏక్వియస్ క్రీమ్ అనుభవం మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, కడిగివేసే ఉత్పత్తిలో సురక్షితమైనది చర్మంపై నిలిచే లేపనంలోనూ సురక్షితమని భావించరాదు. రెండు, ఆరోగ్యవంతమైన చర్మానికి తగిన పరిమితి రోగగ్రస్తమైన చర్మానికి చాలకపోవచ్చు. మూడు, ఫార్మకోపియాలో స్థానం పొందినంత మాత్రాన ఒక లేపనం పునఃపరిశీలనకు అతీతం కాదు. ఎమల్సిఫైయర్ల బోధనలో స్థిరత్వంతోపాటు, లేపనం ఎవరి చర్మంపై ఎంతసేపు ఉంటుందన్న అంశానికీ సమాన ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంది.