డప్పుకు సెగ ఎందుకు?

జగ్గయ్యపేట: పెళ్లి ఊరేగింపు బయలుదేరే ముందు వీధి చివర గడ్డి మంట వేసి డప్పులు కాచే దృశ్యం జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత వాసులకు కొత్త కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలోనూ, రెండేళ్లకోసారి అమ్మవారి విగ్రహాలు రంగుల కోసం జగ్గయ్యపేటకు తరలివచ్చే వేళలోనూ ఈ వాద్యానిదే ముందు వరుస. మధ్యాహ్నం కాచిన డప్పును రాత్రి మళ్లీ కాచడమెందుకన్న సందేహం చాలామందికి కలుగుతుంది. సమాధానం తోలులోనే ఉంది.

తేమే కారణం

తోలులో ప్రధానంగా ఉండేవి కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు. ఇవి గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతాయి. దాంతో చెక్క చట్రంపై తోలు సడలి శబ్దం మొద్దుబారుతుంది. సెగ తగిలితే తేమ ఆవిరై తోలు బిగుసుకుంటుంది, స్వరం హెచ్చుతుంది. బిగువు నాలుగు రెట్లయితే కంపనాల సంఖ్య రెట్టింపవుతుందని భౌతికశాస్త్రం చెబుతోంది. రాత్రి మంచు పడగానే తోలు తిరిగి తేమ పీల్చుకుంటుంది కనుక మళ్లీ కాచక తప్పదు.

మృదంగానికైతే అంచుపై రాయితో తట్టి శ్రుతి సరిచేస్తారు. డప్పుకు ఆ వెసులుబాటు లేదు. మంటే దానికి శ్రుతి. సెగ మితిమీరితే తోలు పెళుసుబారి చిట్లుతుంది. అందుకే డప్పును మంటకు కాస్త దూరంగా తిప్పుతూ, మధ్య మధ్య వేళ్లతో తట్టి నాదం వింటారు. ఇక్కడ కొలిచే పరికరం కళాకారుడి చెవే.

రెండు పుల్లల పని

కుడిచేతి పొట్టి పుల్లను సిర్ర అని, ఎడమచేతి సన్నని పొడవాటి పుల్లను సిటికెన పుల్ల అని అంటారు. సిర్ర గంభీరమైన దెబ్బను, సిటికెన పుల్ల చురుకైన దెబ్బను పలికిస్తాయి. తోలు సడలితే ముందుగా వినపడకుండా పోయేది ఆ చురుకుదనమే.

ప్లాస్టిక్ పోటీ

డ్రమ్ములకు పాలియెస్టర్ పొరలు వాడే పద్ధతి 1950వ దశకంలో అమెరికాలో మొదలైంది. ఈ పొర తేమను దాదాపు పీల్చదు. వానలోనూ మోగుతుంది, మంట అక్కర్లేదు. ప్లాస్టిక్ డప్పులు ఆదరణ పొందడానికి ఇదే కారణం. అయితే తోలు పలికే నిండైన నాదం వీటికి రాదు. పైగా తోలు శుద్ధి చేసి, చట్రానికి బిగించే చేతుల పని తగ్గిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలనెలా పింఛను అందిస్తోంది. 2024 జులైలో దీనిని రూ.4,000కు పెంచారు. పింఛను కళాకారుడి వృద్ధాప్యానికి ఆసరా. విద్య మిగలాలంటే మాత్రం ఊరేగింపులకు తోలు డప్పునే పిలవాలి, కాచుకునేందుకు ఓ పది నిమిషాలు ఆగాలి.