మన్రోలప్ప: ఒక స్కాట్లండ్ ఇంటిపేరు మన పల్లెలకు చేరిన దారి

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతుల్లో పక్కీరప్ప, హుస్సేనప్ప, దస్తగిరి అని ఎవరినైనా పిలిస్తే తలతిప్పి చూసేవాళ్లు ఉండరు. అంత మామూలు పేర్లు. ఆ పేర్లున్నవాళ్లలో చాలామంది హిందువులే. పీర్ల పండక్కి మొక్కుకున్నాక పుట్టిన పిల్లవాడికి హుస్సేనప్ప అని, దర్గాకు మొక్కుకున్నాక పుట్టినవాడికి పక్కీరప్ప అని పెట్టుకున్నారు. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుడి పేరు, కౌతాళం వైపు ఉరుకుంద ఈరన్న పేరు, తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి పేరు ఇళ్లలోకి వచ్చిన దారి కూడా ఇదే. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో మనుషుల పేర్లు చూస్తే ఆ ఊరివాళ్లు ఏ జాతరకు బండ్లు కట్టుకుని పోయేవారో చెప్పొచ్చు.

ఈ వరసలోనే మన సీమ పల్లెల్లో ఒకప్పుడు మన్రోలప్ప అనే పేరు కూడా ఉండేది. బ్రిటిషు కాలపు రచనల్లో అది కనిపిస్తుంది. చివర ఉన్న 'అప్ప' మనది. ముందున్న 'మన్రో' స్కాట్లండ్ ఉత్తరపు కొసన పుట్టిన ఇంటిపేరు. అక్కడివాళ్ల ఇంటిపేరు ఇక్కడి బోయ, కురువ, కాపు ఇళ్లలో పిల్లల పేరెట్లా అయింది? ఇది తెలియాలంటే ముందు ఇంటిపేర్లు ఎట్లా పుడతాయో, ఎట్లా ఊళ్లు దాటతాయో చూడాలి.

ఇంగ్లండులో ఇంటిపేర్లు స్థిరపడింది సుమారుగా 11వ శతాబ్దం చివరి నుంచి 14వ శతాబ్దం వరకు. ఊరి పేరు, వృత్తి పేరు, తండ్రి పేరు, ఎవరో పెట్టిన ఎగతాళి పేరు, వీటిలో ఏదో ఒకటి వంశానికి అంటుకుంది. కమ్మరి పని నుంచి వచ్చిన స్మిత్ ఊరూరా ఉంటుంది కాబట్టి ఇద్దరు స్మిత్‌లకు చుట్టరికం ఉండాలని లేదు. అరుదైన ఇంటిపేరు కథ వేరు. ఒక చిన్న పల్లె పేరు ఒకే కుటుంబానికి ఇంటిపేరైతే, వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పేరువాళ్లు ఎక్కువగా ఆ పల్లె చుట్టూనే దొరుకుతారు. అందుకే అక్కడి పరిశోధకులు 1881 జనాభా లెక్కల్లోని పేర్లను పటం మీద గుర్తులుగా పెట్టి చూస్తారు. గుర్తులు ఎక్కడ గుంపుగా పడితే పేరు అక్కడ పుట్టిందని అంచనా వేస్తారు.

తెలుగులోనూ ఈ పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది. మాచాని అనే ఇంటిపేరు వినగానే మన ప్రాంతంవాళ్లకు ఎమ్మిగనూరు, అక్కడి మగ్గాలు గుర్తొస్తాయి. 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టి, 1954లో పద్మశ్రీ అందుకున్న మాచాని సోమప్ప వల్ల ఆ ఇంటిపేరు, ఆ ఊరు విడదీయలేనట్టు కలిసిపోయాయి. ఊరు వదిలి దూరం పోయిన ఇంటిపేర్లూ ఉన్నాయి. కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ వైపు కొల్చారం అంటారు. అదే ఇంటిపేరు తర్వాత బళ్లారిలో వకీలుగా ఉండి నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావుకు ఉంది. పేరు మాత్రం ఇంకా ఆ పాత ఊరినే చెబుతోంది.

అయితే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఈ లెక్క అంత దూరం సాగదు. ఇక్కడి ఓటర్ల జాబితా తెరిస్తే ఇంటిపేరు ఉండాల్సిన చోట బోయ, కురువ, చాకలి, వడ్డె, ఉప్పర అని కులం పేరే కనిపిస్తుంది. ఆ ఇళ్లకు వేరే ఇంటిపేర్లు ఉంటాయి, పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు అవి బయటికొస్తాయి. కాగితం మీదికి మాత్రం రాలేదు. రాసినవాడు మనిషిని కులంతో గుర్తుపట్టి, ఆ గుర్తునే రాసుకున్నాడు. బోయ అని రాసి ఉన్న వేలమందిని పటం మీద పెట్టి చూస్తే మనకు తెలిసేది రాసినవాళ్ల అలవాటే, ఒక వంశం నడిచిన దారి కాదు. ఈ జాబితాల్లో తమ అసలు ఇంటిపేరు లేదని ఎంతమంది యువకులకు తెలుసో అన్నది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

ఇక మన్రో సంగతి. మనవాళ్లు ఇంగ్లీషు దొర అన్నా, ఆయన స్కాట్లండ్ మనిషి. మన్రోలను గేలిక్ భాషలో రోథాక్ అంటారు. ఐర్లండ్ ఉత్తరాన డెర్రీ ప్రాంతంలో రో అనే నది ఉంది, ఆ నది దగ్గరివాళ్లు సముద్రం దాటి స్కాట్లండుకు వచ్చారని వాళ్ల వంశగాథ. వాళ్లు నిలదొక్కుకున్నది స్కాట్లండ్ ఉత్తరాన ఈస్టర్ రాస్‌లో. క్రోమార్టీ సముద్రపాయ పక్కనున్న ఫౌలిస్ కోట వంశ పెద్ద ఉండే చోటు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. స్కాట్లండ్ కొండసీమలో ఒక తెగ పేరున్నవాళ్లందరూ ఒకే తాత పిల్లలు కారు. ఫౌలిస్ పెద్ద భూములు సాగుచేసుకునేవాళ్లు, ఆయన నీడన బతికేవాళ్లు కూడా కాలక్రమంలో ఆయన పేరు పెట్టుకున్నారు. అంటే పుట్టిన నేల మీదే ఆ పేరు రక్తసంబంధాన్ని దాటి పాకింది.

తర్వాత అది ప్రపంచమంతా తిరిగింది. రాత మారుతూ మన్రో, మొన్రో, మన్రోయ్ అయింది. 17వ శతాబ్దంలో వర్జీనియాకు వలసపోయిన ఒక మన్రో వంశంలో పుట్టిన జేమ్స్ మన్రో అమెరికాకు అయిదో అధ్యక్షుడయ్యాడు. ఆయన గౌరవార్థం లైబీరియా రాజధానికి మన్రోవియా అని పెట్టారు. ఆయన తోటలో బానిసలుగా ఉన్నవాళ్ల సంతతిలోనూ ఆ ఇంటిపేరు నిలిచింది. వాళ్ల విషయంలో దాన్ని యజమాని గుర్తు అనాలి తప్ప అభిమానం అనకూడదు. కెనడా కథకురాలు ఆలిస్ మన్రోకు అది పెళ్లితో వచ్చింది, 2013లో నోబెల్ బహుమతితో ప్రపంచమంతా వినిపించింది. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన కొండలను 'మన్రోలు' అంటారు, 1891లో వాటి జాబితా వేసిన హ్యూ మన్రో పేరు మీద. కేరళలో కొల్లం దగ్గర మన్రోతురుత్తు అనే దీవులున్నాయి. ఆ పేరు తిరువాన్కూరులో రెసిడెంటుగా పనిచేసిన జాన్ మన్రోది, మన మన్రోది కాదు. 1764లో బక్సర్ యుద్ధం గెలిచిన హెక్టర్ మన్రో ఇంకొకడు. పుస్తకాల్లో ఈ ముగ్గురూ తరచూ కలగాపులగం అవుతుంటారు కాబట్టి చెబుతున్నా.

మన థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రిది వర్జీనియా పొగాకు వ్యాపారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అది దెబ్బతింది. కొడుకు కంపెనీ సైన్యంలో కేడెట్‌గా 1780లో మద్రాసు చేరాడు. 1800లో నిజాం తన దగ్గరున్న బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. ఆదోని ఆ పంపకంలోనే పోయింది. ఒకప్పుడు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న ఆదోని కోటను అంతకుముందే 1786లో టిప్పు సైన్యం పట్టుకుని ధ్వంసం చేసింది. అట్లా నలిగిన నేల మీదికి మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. అప్పటికి కర్నూలు పట్నం ఇంకా నవాబు చేతిలోనే ఉంది, అది కంపెనీ వశమైంది 1839లో.

1807 వరకు ఏడేళ్లు ఆయన ఎక్కువగా డేరాల్లోనే గడిపాడు. దాదాపు 80 మంది పాలెగాళ్లను లొంగదీశాడు. పొలం పొలం కొలిపించాడు. జమీందారు, గుత్తేదారు మధ్యలో లేకుండా రైతు పేరు మీదే శిస్తు కట్టి పట్టా ఇచ్చాడు. దీన్నే రైతువారీ అన్నారు. ఆ శిస్తు చిన్నదేమీ కాదు. పంటలో దాదాపు 45 శాతం దాకా పోయేది. అది మోయలేని బరువని గ్రహించి, వెళ్లేముందు 1807లో 25 శాతం తగ్గించాలని ఆయనే రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. పైగా ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు, మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గుత్తేదార్లు రైతులను పిండారు, చివరికి చాలామంది తామూ చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక రైతువారీ మళ్లీ నిలబడింది, ఆ తగ్గింపూ అమలైంది.

ఆయన పేరు ఇళ్లలోకి రావడానికి 1807కు, 1820కి మధ్యనున్న ఈ కాలమే అసలు కారణమని నా నమ్మకం. ఆయన ఉన్నప్పటి కంటే లేనప్పుడే రైతుకు తేడా తెలిసింది. తగ్గిస్తానన్న మనిషి పదమూడేళ్ల తర్వాత తిరిగొచ్చి తగ్గించాడు. మన పల్లెల్లో మాట నిలబెట్టుకున్న అధికారిని మామూలు మనిషిగా చూడరు. ఆయన్ను మాండవ ఋషి అన్నారు. ఆ పొగడ్త వెనక భయం కూడా కొంత ఉండి ఉండొచ్చు. పాలెగాళ్ల ఇళ్లలో జ్ఞాపకం వేరుగా ఉంటుంది. లాక్కున్న హక్కుల మంట ఆరక 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడింది ఈ సీమలోనే.

మంత్రాలయం కథ ఈ పేరుకు ఇంకో వేరు. అప్పట్లో అది ఆదోని తాలూకాలోని మంచాల గ్రామం. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి ఇచ్చిన ఊరు. స్వామి బృందావన ప్రవేశం 1671లో. ఊరి ఇనాం విచారణకు వచ్చిన మన్రో టోపీ, జోళ్లు తీసి లోపలికి పోయి, ఎవరికీ కనబడని స్వామితో మాట్లాడి మంత్రాక్షతలు పుచ్చుకున్నాడని భక్తులు చెబుతారు. ఎమ్మిగనూరు చుట్టుపక్కల పెరిగిన పిల్లలు పాఠ్యపుస్తకం కంటే ముందు ఈ కథలోనే మన్రో పేరు వింటారు. హుస్సేనప్పను, పక్కీరప్పను చేర్చుకున్న ఇల్లు, స్వామి మాట్లాడిన దొరను చేర్చుకోవడంలో వింత లేదు. పై దేశపు పేరుకు 'అప్ప' తగిలించి మనవాణ్ణి చేసుకునే పద్ధతి ఇక్కడ మన్రో రాకముందే ఉంది.

గోదావరి జిల్లాల్లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. సీమలో మన్రో స్మృతి ఎక్కువగా బావులు, సత్రాలు, పిల్లల పేర్ల రూపంలో నిలిచింది. ఆయన గుర్రం మీది పెద్ద విగ్రహం మద్రాసులో ఉంది, శిల్పి చాంట్రీ చేసింది.

1827లో స్వదేశానికి పోయేముందు ఆయన దత్త మండలాలను కడసారి చూడాలని బయల్దేరాడు. దారిలో కలరా సోకింది. జులై 6న పత్తికొండలో చనిపోయాడు. భార్య జేన్ అంతకు ముందు ఏడాదే జబ్బుపడిన చిన్న కొడుకుతో స్వదేశానికి ఓడెక్కింది, పెద్దవాడు అప్పటికే అక్కడున్నాడు. దగ్గర సొంతవాళ్లు ఎవరూ లేరు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. 1825లో వచ్చిన బారొనెట్ బిరుదు స్కాట్లండులోని లిండర్టిస్ పేరు మీద కొడుకుకు దక్కింది. రక్తసంబంధమైన మన్రోల దారి అటు సాగింది. ఇక్కడి మన్రోలప్పలకు ఆ ఇంటితో ఏ చుట్టరికమూ లేదు. పేరు కలిసిందని వంశం కలపకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మీ ఇంట్లోనో, ఊర్లోనో ఈ పేరున్న పూర్వీకుడి సంగతి విన్నారా? అయితే రెండు చోట్ల వెతకండి. మొదటిది ముసలివాళ్ల దగ్గర. ఆ పేరు ఎందుకు పెట్టారు, ఎవరికి మొక్కుకుంటే పెట్టారు అని అడగండి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల అసలు కారణం రెండు మూడు తరాల వెనక ఉండొచ్చు. రెండోది భూమి కాగితాలు, ముఖ్యంగా ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు). అక్కడ రాతను నమ్ముకోవద్దు. మన్రోలప్ప అన్నది రాసినవాడి చెవిని బట్టి మునిరోలప్ప, మండ్రోలప్ప అని ఎట్లాగైనా పడొచ్చు. పైగా ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉన్నాయి. పత్తికొండ మాత్రం 1858లోనే బళ్లారి నుంచి కర్నూలుకు మారింది. కాబట్టి ఆదోని వైపు ఊరైతే పాత రికార్డును కర్నూలు పేరుతో కాక బళ్లారి జిల్లా పేరుతో అడగాలి.