మధ్యయుగ సాహిత్యంలో మతాధికారులు: ఛాసర్ వ్యంగ్యం

దుష్టుని నిందించడం ఎవరికైనా సాధ్యమే. పొగడుతున్నట్లు కనిపిస్తూ నిందించడం కొందరు కవులకే సాధ్యం. మన ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి అన్నారు. ఆరు శతాబ్దాల క్రితం ఆంగ్ల మహాకవి ఛాసర్ తన కాలపు మతాధికారుల అవినీతిని ఈ మార్గంలోనే చిత్రించాడు.

అది పశ్చిమ ఐరోపా క్రైస్తవ సంఘానికి గడ్డుకాలం. 1348లో ఇంగ్లండును ప్లేగు చుట్టుముట్టింది. 1378 నుండి 1417 వరకు పోపు పీఠానికి ఇద్దరు, ఒక దశలో ముగ్గురు హక్కుదారులు ఉండేవారు. అట్టి రోజులలో, సుమారు 1387లో, ఛాసర్ 'కాంటర్‌బరీ కథలు' ప్రారంభించాడు. 1400లో ఆయన మరణించేనాటికి ఆ గ్రంథం అసంపూర్ణంగానే మిగిలింది.

అందులోని యాత్రికులను మనకు పరిచయం చేసేవాడు అందరినీ మెచ్చుకొనే అమాయకుడు. మఠనియమాలను ప్రక్కకు నెట్టి వేటకు తిరిగే సన్యాసి అభిప్రాయం సబబేనంటాడు. కుష్ఠురోగులకన్న సత్రాల యజమానులనే బాగా ఎరిగిన భిక్షుకుణ్ణి తన సంఘానికి మూలస్తంభమంటాడు. అతని పొగడ్తలోనుండే సత్యం మనకు బోధపడుతుంది.

ఈ వ్యంగ్యానికి పరాకాష్ఠ పాపపరిహార పత్రాలు అమ్మే పార్డనర్. దిండు గలీబును మేరీమాత మేలిముసుగని, పంది ఎముకలను పుణ్యపురుషుల అస్థికలని చూపి ఇతడు ధనం గుంజుతాడు. ఇతని ఉపన్యాసాలన్నిటికీ విషయం ఒక్కటే: ధనాశయే సర్వపాపాలకు మూలమని! ఆ పాపాన్ని తానూ చేస్తున్నానని నిస్సంకోచంగా ఒప్పుకుంటాడు. ఇతడు చెప్పిన కథలో మృత్యువును చంపబోయిన ముగ్గురు దుర్జనులు బంగారం కోసం ఒకరినొకరు హతమార్చుకుంటారు. చెప్పినవాడు కపటియైనా చెప్పిన నీతి కపటం కాదు.

ఛాసర్‌కు ముందే ఇటలీలో డాంటే మరింత తీవ్రంగా వ్రాశాడు. నరకంలో తలక్రిందులుగా ఉన్న మూడవ నికొలస్ పోపు తన వద్దకు వచ్చిన కవిని చూచి ఎనిమిదవ బొనిఫేస్ అని పొరబడతాడు. కథాకాలమైన 1300లో బొనిఫేస్ ఇంకా సజీవుడే!

అయితే వీరిని మతద్వేషులని భావించడం పొరపాటు. ఛాసర్ యాత్రికులలో ఒక పేద గ్రామ పురోహితుడు కూడా ఉన్నాడు. వానలోనూ ఉరుములలోనూ కాలినడకన వెళ్ళి రోగులను పరామర్శిస్తాడు. ముందు తాను ఆచరించి, పిదప ఇతరులకు బోధిస్తాడు. అతని వర్ణనలో వ్యంగ్యపు ఛాయ లేదు. తక్కినవారు ఎంత దిగజారారో కొలవడానికి అతడే కొలబద్ద. విశ్వాసం మీద గౌరవం ఉన్నందువల్లనే దానిని అంగడి సరకుగా మార్చినవారిని కవి క్షమించలేకపోయాడు.

కనుక మన విద్యార్థులు ఈ గ్రంథాన్ని పరమత పరిహాసంగా చదువరాదు. ఏ మతంలోనైనా, ఏ విద్యాలయంలోనైనా వేదిక ఎక్కి బోధించే ప్రతివానికీ పార్డనర్ కావడం సులభం, ఆ గ్రామ పురోహితుడు కావడం కష్టం. పాఠాలు చెప్పే మేమూ ఆ పుటలు చదివినప్పుడు మొదట నవ్వుతాము, తరువాత మా మాటలను మా నడవడితో సరిపోల్చుకుంటాము.