ఒకే దెబ్బ పదిసార్లు!

చిర్రగోనె ఆట మీలో చాలామందికి తెలిసే వుంటుంది. మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు వైపు చిర్రగోనె అనే ఈ ఆటనే కోస్తా జిల్లాల్లో బిళ్ళంగోడు అనీ, ఉత్తర భారతంలో గిల్లీదండా అనీ అంటారు. మూరెడు కర్ర గోనె. రెండు కొసలూ సన్నగా చెక్కిన చిన్న ముక్క చిర్ర. గోనెతో చిర్ర కొసమీద తట్టి గాలిలోకి లేపాలి. అది కింద పడకముందే బలంగా కొట్టాలి.

ఒకసారి చిర్ర రివ్వున దూరంగా పోతుంది. మరుసటిసారి కూడా అదే చెయ్యి, అదే గోనె, అదే బలం. కాని చిర్ర పక్కకు పోతుంది! ఎందుకిలా జరుగుతుంది?

గోల్ఫ్ ఆటగాళ్ళను వేధించే ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. హైదరాబాదులో గోల్కొండ కోట దగ్గర, నయాఖిలాలో గోల్ఫ్ మైదానం వుంది. 45.93 గ్రాములకు మించని చిన్న బంతిని పొడుగాటి కర్రతో కొట్టి, దూరాన వున్న చిన్న గుంతలో పడేట్లు చేయడమే ఆట. చిర్రలాగా బంతి ఎగరదు, కదలదు. అయితే సులభమే గదా అనుకుంటున్నారా? లెక్క వేసి చూద్దాం.

ఒక్క డిగ్రీ తేడా

గడియారంలో నిమిషాల ముల్లు 10 సెకన్లలో ఒక డిగ్రీ మాత్రమే తిరుగుతుంది. అది తిరిగినట్లు మన కంటికి ఆననే ఆనదు. బంతి బయలుదేరిన దిశలో అంత చిన్న తేడా వచ్చినా, 100 మీటర్ల దూరం పోయేసరికి అది సుమారు 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. 200 మీటర్ల దగ్గర అది మూడున్నర మీటర్లవుతుంది.

పోనీ, తప్పును మధ్యలో సరిదిద్దుకోవచ్చు గదా? అందుకు వ్యవధి చాలదు. పైకెత్తిన కర్ర కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టే కాలం సుమారు పావు సెకను. కర్ర, బంతి కలిసి వుండేది సెకనులో దాదాపు రెండువేల వంతు మాత్రమే. మన కన్ను చూసి, మెదడు ఆజ్ఞ యిచ్చి, కండరం కదలడానికే సుమారు అయిదో వంతు సెకను కావాలి. అంటే తప్పును గమనించేసరికే బంతి వెళ్ళిపోతుందన్నమాట!

రెండు లోలకాలు

అలస్టయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు 1968లో గోల్ఫ్ దెబ్బ గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఈ దెబ్బను ఒకదానికొకటి తగిలించిన రెండు లోలకాలుగా అందులో వివరించారు. భుజాల మధ్యనుంచి మణికట్టు దాకా వున్న చేతులు మొదటి లోలకం. మణికట్టు దగ్గర వేలాడే కర్ర రెండవ లోలకం.

మొదట్లో మణికట్టు వంగి వుంటుంది. చేతులు వేగంగా కిందికి తిరిగేకొద్దీ కర్ర కొస బయటికి లాగుతుంది. కొస ద్రవ్యరాశి 0.2 కిలోగ్రాము, వేగం సెకనుకు 40 మీటర్లు, వ్యాసార్ధం 1.6 మీటర్లు అనుకోండి. అభికేంద్ర బలం సూత్రంలో వేస్తే 0.2 × 40 × 40 ÷ 1.6 = 200 న్యూటన్లు. చేతికి 20 కిలోల బరువు వేలాడదీసినంత బలమన్నమాట! ఈ లాగుడుకే మణికట్టు దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని మనం బలవంతంగా తిప్పబోతే అదనంగా ఒక తప్పు చేరుతుంది.

గోల్ఫ్ కర్రలను, బంతులను పరీక్షించడానికి అమెరికాలో చేసిన ఒక యంత్రం కూడా ఇలాంటిదే. దానిపేరు 'ఐరన్ బైరన్', అంటే ఉక్కు బైరన్. 1945లో వరుసగా 11 పోటీలు గెలిచిన బైరన్ నెల్సన్ పేరే దానికి పెట్టారు. కదిలే కీళ్ళు తక్కువ కనుక అది అదే దెబ్బను మళ్ళీ మళ్ళీ కొట్టగలదు.

కమ్మరి సుత్తి చెప్పిన రహస్యం

మన శరీరంలో మాత్రం కీళ్ళు చాలా వున్నాయి. మరి కమ్మరి ప్రతిసారీ ఒకేచోట ఎలా కొడతాడు? 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త పనివారి చేతులకు చిన్న దీపాలు అమర్చి, సుత్తి దెబ్బలను ఫొటోలు తీసి కొలిచాడు. ఫలితం చూసి ఆశ్చర్యపోవలసిందే! భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకూ కాస్త వేరుగానే కదిలాయి. కాని సుత్తి కొసలో తేడా వాటికంటే తక్కువ. ఒక కీలు చేసిన తేడాను మరొక కీలు సర్దుతున్నదన్నమాట. ఈ సర్దుబాటు ఆలోచించి చేసేది కాదు, అభ్యాసం వల్ల అలవడేది.

కనుక ప్రతిసారీ ఒకేలా వుండవలసింది చేతి కదలిక అంతా కాదు, కర్ర బంతిని కలిసే క్షణం. ఆ క్షణాన్ని చక్కదిద్దుకోవలసింది దెబ్బకు ముందే. పాదాలు ఎక్కడ పెట్టాలి, బంతికి ఎంత దూరంలో నిలబడాలి, కర్రను ఎలా పట్టుకోవాలి అన్నవి తీరికగా, ప్రతిసారీ ఒకేలా చేయగలిగిన పనులు.

చేసి చూడండి

చిర్ర తగిలి పిల్లల కళ్ళు దెబ్బతిన్న సంగతులు మన దేశపు కంటి వైద్యులు ఎన్నో నమోదు చేశారు. అందుచేత ఈ ప్రయోగానికి చిర్ర వాడకండి. పాత గుడ్డలు చుట్టి మెత్తని ఉండ చేయండి. ఎదుట ఎవరూ లేకుండా చూసుకోండి.

నేలమీద ముగ్గుపిండితో ఒక తిన్నని గీత గీయండి. గీత మొదట్లో ఉండ పెట్టి, శక్తికొద్దీ 10 సార్లు కొట్టండి. ఉండ నేలను తాకిన చోటు గీత వెంబడి ఎంత దూరమో, గీతకు ఎంత పక్కగా వుందో టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత పాదాల గుర్తులు గీసుకుని, కర్రను నడుము ఎత్తు వరకే లేపి, ప్రతిసారీ ఒకే లయలో మరో 10 సార్లు కొట్టండి.

దూరం తగ్గితే పక్కకు పోవడం కూడా తగ్గుతుంది గదా! అందుకని ప్రతి దెబ్బకూ పక్క దూరాన్ని ముందు దూరంతో భాగించండి. అది మీరు తరగతిలో చదివే 'టాన్' విలువే. 0.0175 వస్తే తప్పు ఒక డిగ్రీ. రెండు జాబితాల సగటులూ పోల్చండి. ఒక వారం రోజూ కొట్టి, మళ్ళీ కొలవండి. మీలో మార్పు తెచ్చింది బలమా, పద్ధతా అన్నది మీ పట్టికే చెబుతుంది.