అండమాన్‌లో చవక గుడిసె: భరించాల్సిన ఇబ్బంది ఏది, భరించకూడనిది ఏది?

చలికాలం వచ్చిందంటే కృష్ణదేవిపేట, నర్సీపట్నం కుర్రాళ్లకు లంబసింగి టెంట్ కొత్తేమీ కాదు. తెల్లారుజామున వణుకు, బాత్రూమ్ దగ్గర క్యూ, తడిసిన దుప్పటి... ఒక్క రాత్రే కదా అని సర్దుకుపోతాం. ఈ మధ్య అదే కుర్రాళ్ల నోట అండమాన్ పేరు కూడా వినిపిస్తోంది. వీపున బ్యాగు తగిలించుకుని ఒక దీవిలో రెండు రోజులు, ఇంకో దీవిలో రెండు రోజులు, చవక గుడిసెల్లో పడుకుని తిరిగి రావాలన్నది ఆలోచన.

ఆలోచన మంచిదే. కానీ ఫోన్‌లో చూసిన ఫొటోకీ, అక్కడికెళ్లి తలుపు తీసి చూసిన గదికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడాలో కొంత దీవి వల్ల వస్తుంది. కొంత యజమాని వల్ల వస్తుంది. ఇంకొంత మనం వేసుకున్న ప్లాన్ వల్లే వస్తుంది. ఏది దేనివల్ల వచ్చిందో తెలిస్తే డబ్బు మిగులుతుంది, ప్రాణం మీదకీ రాదు.

మన ఊరికీ ఆ దీవులకీ పాత సంబంధమే

1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. 1924లో అల్లూరిని చంపేశాక ఆయన అనుచరులు కొందరికి అండమాన్ శిక్ష పడింది. వాళ్లలో గాం మల్లుదొర సెల్యులార్ జైల్లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ని కూడా ఆ దీవులకే పంపారు. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి తరలించిన మాపిళ్లల వల్ల అక్కడి కొన్ని ఊళ్లకు కాలికట్, మంజేరి లాంటి పేర్లు వచ్చాయి.

అప్పట్లో శిక్షగా పంపిన చోటికి ఇప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్తున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి 100 మందిలో సుమారు 13 మందిది తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి భాష సమస్య పెద్దగా రాదు. తెలుగు పలకని చోట హిందీతో పని జరిగిపోతుంది.

ముందు దారి సంగతి

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది. సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు, సుమారు 56 గంటలు. ఈ ఓడ రోజూ ఉండదు, నెలకు ఒకసారి అన్నట్టు నడుస్తుంది. కాబట్టి ముందు ఓడ తేదీ చూసుకుని, తర్వాతే సెలవు పెట్టుకోవాలి. అన్నిటికన్నా చవకైనది బంక్ క్లాస్. పెద్ద హాల్లో రైలు బెర్తుల్లాంటి పడకలు, అందరికీ కలిపి బాత్రూములు. అలల ఊపుకి కొందరికి వాంతులవుతాయి, డాక్టర్‌ని అడిగి ముందే మాత్రలు తీసుకెళ్లండి. విమానంలో అయితే చెన్నై, కోల్‌కతా నుంచి రెండు గంటల పైచిలుకు.

పేర్లు మారాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడు తికమక పడొద్దు. హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబరులో మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం పాత పేర్లే ఎక్కువ. అండమాన్ దీవులకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. నికోబార్‌కు మాత్రం అనుమతి తప్పనిసరి.

దీవిలో గది అట్లా ఎందుకు ఉంటుంది?

మొదటి కారణం రవాణా. సిమెంటు, ఇనుము, పరుపు, ఫ్యాను, బియ్యం, ఉల్లిపాయ... చాలా సరుకు ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కు రావాలి, అక్కడి నుంచి మళ్లీ చిన్న దీవికి వెళ్లాలి. అందుకే చవక గదిని వెదురు తడికెలు, ఆకుల కప్పుతో లేపుతారు. తడికెల సందుల్లోంచి గాలీ వస్తుంది, పురుగూ వస్తుంది, పక్క గదిలో మాటలూ వినిపిస్తాయి.

రెండోది నీళ్లు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట నీళ్ల కరువేంటి అనిపిస్తుంది. చిన్న దీవిలో పెద్ద నదులుండవు. పడ్డ వాన త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు బావులు అడుగంటుతాయి. అందుకే షవర్ బదులు ఒక బకెట్, ఒక మగ్గు. కొన్నిచోట్ల నీళ్లు కాస్త ఉప్పగా కూడా ఉంటాయి.

మూడోది కరెంటు. అక్కడి కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఆ డీజిల్ కూడా ఓడలోనే రావాలి. కోతలు మామూలే, చవక గదికి ఏసీ ఉండదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ బాగుపడింది. అయినా ప్రతి గుడిసెలో సిగ్నల్ వస్తుందని అనుకోవద్దు. ఫోన్‌పే పనిచేయని రోజు కోసం చేతిలో నగదు ఉంచుకోండి.

నాలుగోది పొద్దు. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం 5 గంటలకే చీకటి పడిపోతుంది. జెట్టీలో నాలుగున్నరకు దిగి అప్పుడు గది వెతుక్కుందాం అనుకుంటే చీకట్లో తిరగాల్సిందే.

ఇవన్నీ దీవి పెట్టే ఇబ్బందులు. వీటికోసం యజమానితో గొడవ పెట్టుకుని లాభం లేదు. దోమతెర, సొంత దుప్పటి, టార్చి, పవర్ బ్యాంక్ తీసుకెళ్తే సగం తీరిపోతాయి. ఇసుకలో కుట్టే చిన్న ఈగలు కూడా ఉంటాయి. కాళ్లకు కొబ్బరినూనె రాసుకోవడం, నేరుగా ఇసుక మీద పడుకోకపోవడం అక్కడివాళ్లు పాటించే పద్ధతి.

చవక గది ఎప్పుడు ఖరీదవుతుంది?

బీకాం చదివినవాళ్లకు ఈ లెక్క వెంటనే తడుతుంది. గది అద్దె ఒక్కటే ఖర్చు కాదు. దీవి మారిన ప్రతిసారీ రెండు ఆటోలు, ఒక ఫెర్రీ, బయట భోజనం, పైగా సగం రోజు పోతుంది.

లెక్క కోసం అనుకుందాం. ఇద్దరు స్నేహితులు, ఆరు రాత్రులు. రోజుకు 700 రూపాయల గుడిసె, నాలుగుసార్లు చోటు మారడం. గదులకు 4,200. ఒక్కో మార్పుకు ఇద్దరికీ కలిపి 1,200 అనుకుంటే 4,800. మొత్తం 9,000. ఇప్పుడు రోజుకు 1,000 రూపాయల గది, రెండుసార్లే మారడం చూడండి. గదులకు 6,000, మార్పులకు 2,400, మొత్తం 8,400. గది 300 రూపాయలు ఎక్కువైనా మొత్తం ఖర్చు 600 తగ్గింది. చేతికి ఒక రోజు కూడా మిగిలింది. మీ అసలు రేట్లు వేసుకుని ఇదే లెక్క చేసుకోండి.

కాబట్టి దీవులు తక్కువ పెట్టుకుని ఉండే రోజులు పెంచుకోవడం మేలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ చాలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీలో రెండు, రెండున్నర గంటలు. హేవ్‌లాక్ నుంచి నీల్‌కు గంట పైచిలుకు. ప్రైవేటు ఫెర్రీలు త్వరగా వెళ్తాయి, టికెట్ మాత్రం బాగా ఎక్కువ. ప్రభుత్వ ఫెర్రీలు అక్కడివాళ్లకు మన పల్లెవెలుగు బస్సుల్లాంటివి, ఆసుపత్రికి వెళ్లేవాళ్లూ అందులోనే ఎక్కుతారు. టికెట్ ముందే తీసుకోవాలి.

వీటిని మాత్రం భరించొద్దు

నీళ్లు తక్కువంటే అది దీవి సమస్య. కానీ లోపల గడియ లేని తలుపు, బయటపడిన కరెంటు వైర్లు, తడి గోడ మీద స్విచ్చు... ఇవి యజమాని నిర్లక్ష్యమే. 700 రూపాయల గదైనా, 7,000 రూపాయల గదైనా వీటికి క్షమాపణ లేదు.

వెదురు, ఎండుటాకులు ఇట్టే అంటుకుంటాయి. గుడిసె లోపల స్టవ్ వెలిగించడం, దుప్పటి దగ్గర దోమల చుట్ట పెట్టడం వద్దే వద్దు. గదిలోకి వెళ్లగానే బయటికి వచ్చే దారి చూసుకోండి. ఆడవాళ్లతో వెళ్తే బాత్రూమ్ గదికి ఎంత దూరం, దారిలో లైటు ఉందా అని అడగండి.

ఎత్తైన చోటికి దారి కూడా అడిగి పెట్టుకోండి. 2004 డిసెంబరు 26 సునామీ ఆ దీవులను ఎంత దెబ్బతీసిందో మనకు తెలుసు. భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతం అది. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా ఊగితే ప్రకటన కోసం ఎదురుచూడకుండా పైకి వెళ్లిపోవాలి.

సముద్రంలో మొహమాటం పనికిరాదు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆక్వా మెరీన్ అనే పర్యాటక పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఉండాల్సిన వాళ్లకంటే చాలా ఎక్కువ మందిని ఎక్కించారు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది ఇంకా మరిచిపోలేదు. పడవ నిండిపోయినట్టుంటే, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి. టికెట్ డబ్బు పోతే పోయింది. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగొద్దు. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది.

బుక్ చేసేముందు ఒక్క ఫోన్

యాప్‌లో ఫొటో చూసి మొత్తం రాత్రులకు డబ్బు కట్టేయొద్దు. నేరుగా ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడగండి. జెట్టీ నుంచి ఎంత దూరం? నీళ్లు ఏ వేళల్లో వస్తాయి? కరెంటు పోతే ఏం చేస్తారు? బాత్రూమ్ గదిలోనా, బయటా? ఫెర్రీ రద్దయి మేం రాలేకపోతే డబ్బు తిరిగిస్తారా? చివరి ప్రశ్నకు జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. కుదిరితే మొదటి రాత్రికే డబ్బు కట్టి, గది నచ్చితే మిగతావి పొడిగించుకోండి.

బిల్లు అడగడానికి సిగ్గుపడొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా జీఎస్టీ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పన్ను వసూలు చేయకూడదు. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆపద వస్తే 112కి ఫోన్ చేయండి.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. 2016 డిసెంబరులో తుపాను వాతావరణానికి ఫెర్రీలు ఆగిపోయి వెయ్యి మందికి పైగా పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వచ్చి తీసుకురావాల్సి వచ్చింది. ఓడకో విమానానికో ముందురోజు వరకు చిన్న దీవిలో ఉండి మిగిల్చే ఒక్క రాత్రి అద్దె, టికెట్ పోతే దాని ముందు ఏ మూలకూ చాలదు.