బృహస్పతి బాటలో సహచరులు

ఒకే బాటలో ఒక మహాకాయుడును, ఒక అల్పుడును కలసి నడచునప్పుడు అల్పునికి క్షేమమెక్కడ? ఆకాశమునకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్నకు గణితము ఏనాడో సమాధానము చెప్పినది.

1772లో లగ్రాంజి అను గణితవేత్త మూడు గోళముల పరస్పరాకర్షణను విచారించి ఒక వింతను నిరూపించెను. సూర్యుడు, గ్రహము, ఒక చిన్న శకలము సమబాహు త్రిభుజపు మూడు శీర్షములందు ఉన్నచో, ఆ త్రిభుజము చెడకుండ తిరుగుచుండ గలదు. అనగా శకలము గ్రహమునకు 60 డిగ్రీలు ముందుగనో, వెనుకగనో అదే కక్ష్యలో నడచును. అయితే సౌరకుటుంబములో ఇట్టిది లేదనియే లగ్రాంజి తలచెను.

134 ఏండ్ల పిమ్మట, 1906లో, జర్మనీలోని హైడెల్‌బర్గులో మాక్స్ వుల్ఫ్ తీసిన ఛాయాచిత్రమున బృహస్పతికి ముందు నడచు శకలమొకటి చిక్కెను. దానికి ట్రాయ్ యుద్ధమున పోరాడిన గ్రీకువీరుడు అకిలీస్ పేరు పెట్టిరి. తరువాత ఆ బాటలో వేలకొలది శకలములు దొరకినవి. ముందు నడచువానికి గ్రీకువీరుల పేర్లు, వెనుక నడచువానికి ట్రాయ్ వీరుల పేర్లు పెట్టుట ఆచారమైనది. ఆ ఆచారమునకు పూర్వమే పేరు పొందిన ట్రాయ్ వీరుడు హెక్టర్ మాత్రము శత్రుశిబిరములో చిక్కుకొనెను!

ఇవి మహాగ్రహము వాతబడకుండుట ఎట్లు? ముందున్న శకలము బృహస్పతికి చేరువైనచో, గ్రహము దానిని వెనుకకు లాగును. శక్తి కోల్పోయిన శకలము సూర్యునివైపు జరిగి చిన్న కక్ష్యలో పడును. చిన్న కక్ష్యలో వేగమెక్కువ. కనుక అది గ్రహమునకు దూరముగా ముందుకు సాగిపోవును. వెనుకకు లాగుటయే దానిని తప్పించుచున్నది! మరీ దూరమైనచో ఇందుకు విరుద్ధముగా బయటి కక్ష్యకు జరిగి, వేగము తగ్గి, తిరిగి వచ్చును. ఈ ఊయల ఒక మారు ఊగుటకు సుమారు 150 ఏండ్లు పట్టును. ఇచట స్థిరత్వమనగా కదలకుండుట కాదు, తిరిగి వచ్చుట.

కాని లగ్రాంజి లెక్కలో ఉన్నవి మూడే గోళములు. ఆకాశమున శని మొదలగు గ్రహములును ఉన్నవి. వాని చిరు ఆకర్షణలు కోట్ల ఏండ్లుగా కూడి కొన్ని శకలములను బాట తప్పించుచున్నవి. అయినను పెక్కు శకలములు సుమారు 450 కోట్ల ఏండ్ల క్రిందటి సౌరకుటుంబపు బాల్యమునకు చెందిన అవశేషములని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మన భూమికిని ఇట్టి సహచరులు 2011లో ఒకటి, 2022లో ఒకటి నిర్ధారణ అయినవి. అవి కొన్నివేల ఏండ్ల అతిథులు మాత్రమే.

లేదనుకొన్న ఆ శకలములను సమీపమునుండి చూచుటకై అమెరికా 2021లో ‘లూసీ’ నౌకను పంపినది. తరగతిలో సమబాహు త్రిభుజము గీయుచు, దీనివలన ప్రయోజనమేమని అడుగు బాలునికి చెప్పదగిన కథ యిది.