మట్టికట్టల కావలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెము ప్రాంతముల సేద్యము చాలవరకు మట్టికట్టల వెనుక నిలిచిన నీటిపై ఆధారపడి యున్నది. నాగార్జునసాగరమున రాతి ఆనకట్టను జూచి వచ్చినవారు అనేకులు గలరు గాని, దాని కిరువైపుల ఉన్న మట్టికట్టను గమనించినవారు కొలది మంది. రాతి కట్టడము 1,450 మీటర్లు. మట్టికట్ట 3,400 మీటర్లకు పైబడినది. అచ్చట బయలుదేరిన ఎడమకాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, 1967లో నీరు విడిచిన నాటినుండి మన పొలములకు ఆధారము. అదియు పల్లపు నేలలు వచ్చినచోటనెల్ల పోసిన మట్టికట్టల నడుమనే పారుచున్నది. సూర్యాపేట చేరువ సోలిపేట వద్ద 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టునందును మట్టికట్ట కలదు. ఇక ఊరూర నున్న చెరువుకట్టల మాట చెప్పనక్కరలేదు.

2022 సెప్టెంబరులో నిడమనూరు మండలమున ఎడమకాలువకు గండి పడెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన, కుండపోత వానలలో, నడిగూడెము మండలము కాగిత రామచంద్రాపురము వద్ద అదే కాలువ తెగెను. వరిపొలములు మునిగి, ఇసుక మేటలు వేసెను. గండి పూడ్చుట సర్కారు పని. మేట తీసికొనుట మాత్రము రైతు పని. పూడ్చువరకు దిగువ ఆయకట్టు వారికి నీరుండదు. కావున కట్ట తెగకముందు మనకు ఏ గురుతులు చూపునో తెలిసికొనుట సభ్యులకు మిక్కిలి అవసరమని మా అభిప్రాయము.

ముందుగా ఒక అపోహ తొలగవలయును. ఊట లేని మట్టికట్ట లోకమున లేదు. నీటివైపు నిండుగా నున్నప్పుడు తేమ కట్టలోనికి దిగి, వాలుగా క్రిందికి జారి, బయటివైపు అడుగున వెలువడును. మంచి కట్టకు ఆ అడుగున ఇసుక, గులకరాయి, పెద్దరాయి వరుసగా పేర్చిన పొరలుండును. అవి నీటిని వదలి మట్టిని ఆపును. అడుగున తేటనీరు సన్నగా కారుచుండినచో భయపడవలసిన పని లేదు. ఆ తేమ కట్ట నడుమ ఎత్తున, వాలుమీద కనబడినను, కారు నీరు మడ్డిగా మారినను, అప్పుడు లేచి పరుగెత్తవలయును. మడ్డి యనగా కట్టలోపలి మట్టియే కరగి వచ్చుచున్నదని అర్థము. మట్టి పోయినచోట సన్నని బుంగ పడును. బుంగ బయటినుండి లోపలికి పెరిగి, నీటిని ముట్టిన క్షణమున కట్ట కూలును. అమెరికా దేశమున టీటన్ అను పెద్ద మట్టి ఆనకట్టను మొదటిసారి నింపుచుండగా, 1976 జూన్ 5వ తేదీ ఉదయమున మడ్డినీరు కనబడెను. మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఇంక మూడు నిమిషములుండగానే తెగిపోయెను. ఇంజనీర్లు కట్టిన ఆనకట్టయే అట్లయినప్పుడు, పాత చెరువుకట్ట ఎంత వ్యవధి యిచ్చునో సభ్యులే ఊహింపవచ్చును.

అందువలన ఊటను కంటితో చూచినంతమాత్రమున చాలదు, కొలువవలయును. ఊటనీరంతయు ఒక చిన్న కాలువలోనికి మళ్లించి, దాని కడ్డముగా మూలమట్టపు కోణముతో గంటు కోసిన రేకును నిలిపిన చాలును. గంటుపై నీటి ఎత్తు ఐదు సెంటీమీటర్లయినచో క్షణమునకు ముప్పాతిక లీటరు; పది సెంటీమీటర్లయినచో నాలుగు లీటర్లకు మించి పారుచున్నట్లు. ఎత్తు రెండింతలైనపుడు నీరు రెండింతలు గాక ఐదున్నర రెట్లకు పైబడుటను గమనించునది. రేకు లేనిచోట పది లీటర్ల బకెట్టును, గడియారమును చాలును. దానితోపాటు చెరువులోని నీటిమట్టమును, ఆనాటి వానను వ్రాసిపెట్టవలయును. ఏలయనగా మట్టము పెరిగినపుడు ఊట పెరుగుట సహజము, మట్టము అట్లే యుండగా ఊట పెరుగుట అసహజము. అకస్మాత్తుగా ఊట ఆగిపోయినను సంతోషింపరాదు. నీరు వేరొక త్రోవ వెదకికొని యుండవచ్చును. పెద్ద ప్రాజెక్టులలో కట్టలోనికి సన్నని గొట్టములు దించి, వానిలోని నీటి ఎత్తును కొలిచి, లోపలి తేమ ఎంతవరకు ఎక్కినదో కనుగొందురు. గొట్టము దించినంత మాత్రమున కట్ట భద్రము గాదు. ఎత్తు వ్రాయువాడు, వ్రాసినది చదువువాడు ఉండవలయును.

బీటలలోను తేడా కలదు. కట్ట పొడవునా నిలువుగా వచ్చు బీట వాలు జారుటకు గురుతు. కట్టకు అడ్డముగా, ఈ వైపునుండి ఆ వైపునకు పోవు బీట మరింత అపాయకరము, నీటికి త్రోవ యగును గనుక. తూము ప్రక్కలను, కాలువ క్రిందుగా వాగు దాటించిన కట్టడముల ప్రక్కలను, రాతికిని మట్టికిని కూడిక కుదరక సందు లేర్పడును. మొదట పరీక్షింపవలసినవి ఆ చోట్లే.

బుంగ కనబడినపుడు మనవారు చేయు పెద్ద పొరపాటు, బయటివైపు నోటిని గుడ్డలతోను మట్టితోను బిగించుట. లోపలి ఒత్తిడి తగ్గదు. నీరు ప్రక్కన మరొకచోట పొడుచుకొని వచ్చును. నీటివైపు నోరు దొరకినచో దానిని టార్పాలిన్‌తోను బంకమట్టి బస్తాలతోను మూయవలయును. బయటివైపున మాత్రము నీరు పోనిచ్చి మట్టిని ఆపవలయును: ముందు ఇసుక, దానిపై గులకరాయి, ఆపై పెద్దరాయి. కట్ట అడుగున అన్నము ఉడికినట్లు ఇసుక పొంగుచుండినచో, దాని చుట్టును బస్తాలు గుండ్రముగా పేర్చి, వెలువడు నీరు తేటపడువరకు ఎత్తు పెంచవలయును. ఇవి జరుగుచుండగనే అధికారులకు కబురంపి, దిగువ ఊరిని లేపుట మానరాదు.

ఇచ్చట రైతు సోదరులకు కొంత కటువుగా తోచు మాట చెప్పక తప్పదు. కాలువకట్టను అడ్డముగా త్రవ్వి గొట్టములు వేయువారు దొరలు గారు, మనమే. రాత్రివేళ పూడ్చిన ఆ మట్టి దిమ్మిసా యెరుగదు. గొట్టము వెంబడి నీరు సందు చేసికొనును. కట్ట అడుగున మట్టి ఎత్తి బండ్లకు, ట్రాక్టర్లకు నింపువారును మనలోనే గలరు. సర్కారుతుమ్మలు కట్టపై పెరుగనిచ్చుటయు అట్టిదే. చెట్టు చచ్చి వేరు కుళ్లినపుడు అక్కడ సొరంగము మిగులును. పందికొక్కులు, ఎండ్రకాయలు చేయు బొరియల సంగతి సరేసరి. పూర్వము ఊరి నీరటి ప్రతిదినము కట్టమీద నడచి ఇవన్నియు చూచెడివాడు, కాలువలపై లష్కరులుండిరి. ఆ నడక తగ్గినచోట యంత్రములు దానికి బదులు రాలేవని మా నమ్మకము.

ఊట గాక కట్టను చంపు రెండవ శత్రువు, పైనుండి పొర్లు నీరు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లినచో అది కొన్ని గంటలలో కోసుకొనిపోవును. 1908లో మూసీ వరదనాడు ఆ పరీవాహములోని 788 చెరువులలో 221 తెగినట్లు విశ్వేశ్వరయ్యగారు తెల్పిరి. గొలుసుకట్టు చెరువులలో పైది తెగిన క్రిందిది నిలుచుట కష్టము. అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు కొట్టుకొనిపోయినపుడు ఐదు గేట్లలో ఒకటి తెరచుటకు వీలులేకుండెను. 2024 జూలైలో అశ్వారావుపేట మండలమున పెద్దవాగు కట్ట తెగెను. మన మూసీలో 2019 అక్టోబరున ఒక గేటు కొట్టుకొనిపోయినది గాని కట్ట నిలిచినది. చెరువుల అలుగులపై నీటి కొరకు బస్తాలు పేర్చుట, చేపల కొరకు జాలీలు కట్టుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి తెలియును.

ఇదే జాతికి చెందిన, ఇంతకంటె మొండి కట్ట మరొకటి గలదు. గనులలో లోహము తీయగా మిగిలిన బురదను నిలువచేయు కట్ట అది. పత్రికలు దానిని టెయిలింగ్ పాండ్ అనును. అడవిదేవులపల్లి వద్దనున్న సాగర్ టెయిల్ పాండ్ వేరు, అది కేవలము నీటి నిలువ. 2003లో పెద్దగట్టు, లంబాపురము ప్రాంతమున యురేనియం త్రవ్వవలెనని తలపెట్టి బహిరంగ విచారణ జరిపిరి. శుద్ధి కర్మాగారమునకు దేవరకొండ వైపున శేరిపల్లిని యోచించిరి. ప్రజలు ఎదిరించిరి, గని రాలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రము కర్మాగారము నడచి, బురద చెరువు ఏర్పడెను. ఆ చుట్టుపట్ల రైతులు తమ బోరునీరు చెడినదని మొరపెట్టగా, 2018లో కాలుష్య నియంత్రణ మండలి సంజాయిషీ కోరెను.

నీటి చెరువునకు గండి పడునని తోచినచో తూము ఎత్తి ఖాళీ చేయవచ్చును. బురద చెరువు నట్లు చేయరాదు. గని పెరిగినకొలది దాని కట్టయు పెంచుదురు, కొన్నిచోట్ల పాత బురదపైననే. గని మూతపడినను కావలి మానరాదు. బ్రెజిల్ దేశమున బ్రుమదిన్యో వద్ద ఇనుపఖనిజపు బురద కట్ట 2019 జనవరి 25న ఒక్కసారిగా కరగినట్లై 270 మందిని చంపెను. అప్పటికి కొన్నియేండ్ల ముందే అందులో క్రొత్త బురద పోయుట మానిరి. 2018లో అది స్థిరముగా నున్నదని యోగ్యతాపత్రమును కూడ ఇచ్చి యుండిరి. అట్టి చెరువు ఏనాడైన మన చేరువకు వచ్చినచో, ఊటనీటి పరీక్షల ఫలితములు ఊరిలో చదివి వినిపింతురా, కట్ట తెగిన ఎంతదూరము పారునో పటము చూపుదురా, గని మూసిన తరువాత జీతమిచ్చి కాపలా ఎవరు పెట్టుదురు అని మొదటి విచారణలోనే అడుగవలయును.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము వానకాలమునకు ముందును తరువాతను తనిఖీ చేయవలెనని విధించుచున్నది. అయితే అది 15 మీటర్లకు మించిన ఎత్తుగలవానికి, కొన్ని షరతులతో 10 మీటర్లకు పైబడినవానికి మాత్రమే. కాలువలను ఆ నిర్వచనమునుండి విడిచిరి. కనుక ఎడమకాలువ కట్టయు, మన ఊరి చిన్న చెరువును ఆ చట్టపు నీడలో లేవు. కాలువకు నీరు విడుచుటకు ముందును, విడిచిన మొదటి వారము ప్రతిదినమును, ప్రతి సంఘమునుండి ఇద్దరు సభ్యులు తమ పరిధిలోని కట్ట బయటి వాలు వెంట నడచి, తడి కనబడినచోట మేకు పాతి, తేదీ, నీటిమట్టము, ఊట కొలత, నీరు తేటయో మడ్డియో ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఆ ప్రతిని నీటిపారుదల శాఖవారికి ఇచ్చి, అందినట్లు సంతకము తీసికొనవలయును.